నేను రాసిచ్చిన బ్యాండు కథ

నాయన కార్నెట్ మౌత్‌పీసులో నెత్తురు మొదట చూసింది నేనే. అప్పుడు నాకు పంతొమ్మిదేళ్ళు. వేలూరులో టీచరు ట్రైనింగు చదువుతూ శనివారాలు గుడియాత్తం వచ్చేదాన్ని. నాయన ఊదే ఆ ఇత్తడి బూరను తుడిచిపెట్టడం చిన్నప్పటినుంచీ నా పని. ఆ మధ్యాహ్నం మౌత్‌పీసు లోపల గుడ్డ తిప్పి తీస్తే ఎర్రగా మరక కనిపించింది. తుప్పేమో అనుకుని ఇంకోసారి తిప్పాను. ఇత్తడికి పట్టే చిలుము పచ్చగా ఉంటుంది.

నాయన లోపలికి వచ్చి నా చేతిలో గుడ్డ చూశాడు.

"అట్ల పెట్టేయ్‌మా. ఇంగ నేనే తుడుచుకుంటా" అన్నాడు.

అంతే. ఎందుకని నేను అడగలేదు. ఆ రోజునుంచీ కార్నెట్ పెట్టెకు చిన్న తాళం పడింది.

మా తాత పటాలంలో బ్యాండు నేర్చుకుని వచ్చాడు. ఆయన దగ్గర నాయన నేర్చుకున్నాడు. నాకు ఊహ తెలిసేనాటికి నాయన కింద ఏడుగురు ఉండేవాళ్ళు. పెద్ద డ్రమ్ము వాయించేది అమ్మకు అన్న, నాకు మేనమామ. క్లారినెట్ ఆయన, రెండో కార్నెట్ ఆయన మా వీధివాళ్ళే. గుడియాత్తం, వేలూరు, ఆర్కాడు, ఇటు పలమనేరు, చిత్తూరు దాకా కల్యాణాలకు మావాళ్ళు వెళ్ళేవాళ్ళు. మా చర్చి ఆరాధనలో పండగకు కీర్తనలూ వాళ్ళే వాయించేవాళ్ళు. ఎనిమిది ఇళ్ళ పొయ్యి ఆ మేళం మీద వెలిగేది. మేళమంతా నాయన కార్నెట్ మీద నడిచేది. పాట ఎత్తుకునేది ఆయన. ఆయన ఆగితే మిగతావాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ రెండడుగులు తప్పు వేసేవాళ్ళు.

కార్నెట్‌ను ఊపిరితో వాయిస్తారని అందరూ అనుకుంటారు. "ఊపిరి ఎద్దుకు గూడా ఉండాది. వాయించేది పెదవి" అనేవాడు నాయన. ఆ పెదవి బిగుసుకుని నిలబడాలంటే దాని వెనక ముందుపళ్ళు గట్టిగా ఉండాలి. గోడ లేనిదే బొమ్మ ఎక్కడ గీస్తారు?

నెత్తురు చూసిన మూడు వారాలకు నాయన ఒక్కడే వేలూరు వచ్చి నా హాస్టలు ముందు నిలబడ్డాడు. ఆస్పత్రికి తోడు రమ్మన్నాడు. పళ్ళ డాక్టరు పెద్దాయన. నాయన కింది పెదవి దించి, ముందుపళ్ళు ఒక్కొక్కటీ వేలితో కదిపి చూశాడు. నాలుగు పళ్ళు, బురదలో పాతిన కర్రల్లాగా, కదిపినవైపల్లా ఒరిగాయి. చిగుళ్ళ అంచునుంచి పసుపు రంగు చీము వచ్చింది. నేను కిటికీవైపు తిరిగాను.

ఈ నాలుగూ తీసెయ్యాలి అని డాక్టరు అరవంలో చెప్పాడు. కట్టుడు పళ్ళు పెట్టుకుని వాయించవచ్చా అని నాయన అడిగాడు. తినవచ్చు, మాట్లాడవచ్చు, ఊదితే మాత్రం నిలవవు అన్నాడు ఆయన.

"వైగాసి నెల దాటనీ సార్. కల్యాణాలన్నీ అప్పుడే."

డాక్టరు నాయన దవడ కింద బొటనవేలితో నొక్కాడు. నాయన కళ్ళు మూసుకున్నాడు. చీము ఎముకలోకి దిగిందంటే ఆ తర్వాత పళ్ళతో పోదు, తెలుసుకో, అన్నాడు డాక్టరు. నావైపు చూసి ఆ మాటే మళ్ళీ చెప్పాడు.

బయట కాఫీ తెప్పించుకున్నాడు నాయన. అది పూర్తిగా చల్లారేదాకా ముట్టుకోలేదు.

"అమ్మకు చెప్పొద్దు. మామకు అసలే చెప్పొద్దు" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"తెలిసిందంటే ఆర్కాడు బ్యాండువాళ్ళు రేపే వస్తారు. క్లారినెట్ ఆయన్ను ఇదివరకే రెండు తూర్లు పిల్చినారు. నేను చెప్పినాననే ఆగినాడు. ఆయన పోతే ఇంకొకరు పోతారు."

"ఎన్నాళ్ళని దాస్తావు?"

"నువ్వు పాసయి ఉద్యోగంలో చేరు. ఆ తర్వాత పీకేయమంటా, నాలుగు గాదు, అన్నీ పీకేయమంటా."

నేను సరే అన్నాను. నా చదువూ ఆ మేళం మీదే నడిచేది.

తెలుగువాళ్ళకు వేరు రాష్ట్రం ఇచ్చి మదరాసు రాష్ట్రాన్ని విడదీస్తారని అందరూ మాట్లాడుకునే రోజులవి. పలమనేరు, చిత్తూరు అటు పోతాయి, మనం ఇటే ఉంటాం అని కొందరు, కాదు మనమూ అటే అని కొందరు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో అరవం, ఒక్కో మాటలో రెండూ. ఇన్నేళ్ళూ అది ఎవరికీ పట్టని సంగతి. ఇప్పుడు బస్సులో మా మామ గట్టిగా తెలుగు మాట్లాడితే పక్కసీటువాళ్ళు తల తిప్పేవాళ్ళు. ఒక శనివారం నేను వచ్చేసరికి మా వీధి చివర ధాన్యం కొట్టు బోర్డు మీద తెలుగు అక్షరాల వరకూ తారు పూసి ఉంది. కొట్టాయన దాన్ని తుడవనూ లేదు, బోర్డు దింపనూ లేదు. దాని కిందే కూర్చుని బేరం చేసుకుంటున్నాడు. పలమనేరువైపునుంచి ఒప్పుకున్న కల్యాణాలు రెండు తప్పిపోయాయి. ఏ కారణమూ చెప్పలేదు వాళ్ళు.

ఆ నెలలోనే సినిమా ఆయన వచ్చాడు.

ఆయన మదరాసులో సినిమా కథలు రాసే మనిషి. నలభై ఏళ్ళుంటాయి, ఖద్దరు జుబ్బా, సన్న ఫ్రేము కళ్ళద్దాలు. వేలూరులో ఏదో కల్యాణంలో నాయన వాయించింది విని, చిరునామా కనుక్కుని మా ఇంటికి వచ్చాడు. బ్యాండు మేళం మీద తెలుగులో సినిమా తీస్తున్నామని, మీ జీవితం చెప్పండి, కథ అల్లుకుంటానని అన్నాడు. నాయన చాపమీద కూర్చుని చెప్పడం మొదలుపెట్టాడు. సినిమా ఆయనకు సగం అర్థం కాలేదు. మా తెలుగులో అరవం ఎంత ఉందో నాకు ఆ రోజే తెలిసింది. చివరికి, ఎవరైనా రాసిస్తే మేలండీ అన్నాడు.

బ్యాండులో ఎనిమిదిమందీ తెలుగు మాట్లాడతారు, ఒక్కరికీ తెలుగు చదవడం రాదు. అమ్మకు కీర్తనల పుస్తకం వరకూ వచ్చు. ఆ పుస్తకంలోనే అమ్మ నాకు అక్షరాలు నేర్పింది. అందుకని ఆ పని నా మీద పడింది.

రెండు ఆదివారాలు మధ్యాహ్నం పూట నాయన చెప్పాడు, నేను నోటుబుక్కులో రాశాను. తాత సంగతి, మొదటి కార్నెట్ సంగతి, ఊళ్ళు, పెళ్ళికొడుకులు, గుర్రం బెదిరి పెళ్ళికొడుకును చెరువుగట్టు దాకా ఎత్తుకుపోయిన సంగతి. చెబుతున్నప్పుడు నాయన ఎడమచేత్తో దవడ పట్టుకునే ఉన్నాడు. పలమనేరు కల్యాణం నుంచి వానలో నడిచి వచ్చిన సంగతి వచ్చింది. కొండదారిలో సగం దిగాక నాయన బస్సు ఆపించి అందరినీ దింపేశాడు. ఎనిమిదిమందీ వాద్యాలు నెత్తిన పెట్టుకుని, తడుస్తూ, పాటలు పాడుకుంటూ కొండ దిగారు.

"ఎందుకు దిగినారు నాయనా?"

నాయన వంటింటివైపు చూశాడు. అమ్మ పెరట్లో ఉంది.

"బస్సు ఎగిరెగిరి పడతా ఉంటే పళ్ళు ఒకదానికొకటి తగిలి ప్రాణం పోయినట్లైంది. ఇంగొక మలుపు తిరిగుంటే అరిచేసుందును. వాళ్ళతో బస్సు నిండిపోయింది, గాలాడలేదు అని చెప్పినా. అది రాయొద్దు."

నేను రాయలేదు. 'మేళంవాళ్ళు వానలో పాడుకుంటూ కొండ దిగారు' అని రాశాను. ఎందుకు దిగారో లేని ఆ వాక్యం చదువుకుంటే బాగానే ఉంది. అదే నన్ను భయపెట్టింది. అంత తేలిగ్గా కనపడకుండా పోయింది ఆ నొప్పి.

మూడో వారం సినిమా ఆయన వచ్చి, మా పంచలో కూర్చుని నోటుబుక్కు మొత్తం చదివాడు. మధ్యలో రెండుసార్లు నవ్వాడు. ముగించి, కళ్ళద్దాలు తీసి నన్ను పిలిచాడు.

"చక్కగా రాశావమ్మా. కానీ ఒక్కటి అడుగుతాను. ఇందులో మీ నాన్నగారికి భయం ఎక్కడా లేదేమిటి? కథలో మనిషికి పోగొట్టుకునేది ఏదో ఒకటి ఉండాలి గదా. లేకపోతే చూసేవాళ్ళు ఎందుకు కూర్చుంటారు?"

గుమ్మంలో నాయన ఉన్నాడు. నేను ఆయనవైపు చూడకుండానే ఆయన ఉన్నాడని తెలుస్తూ ఉంది. లవంగం వాసన వస్తూ ఉంది. అప్పటికే ఆయన పొద్దస్తమానం లవంగం బుగ్గన పెట్టుకుని ఉండేవాడు.

"అట్లాంటిదేమీ లేదండి" అన్నాను.

"సరే, నేనే ఏదో ఒకటి కల్పించుకుంటాను" అని ఆయన నోటుబుక్కు సంచిలో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు, ఊరి పేరు మాత్రం వాడనని చెప్పాడు. "గుడియాత్తం అంటే ఒకరికి కోపం, పలమనేరు అంటే ఇంకొకరికి కోపం. ఈ రోజుల్లో ఏ ఊరూ కాకుండా ఉండటమే మంచిది."

ఆ వైగాసి దాటింది. నాయన పళ్ళు తీయించుకోలేదు. రాష్ట్రం విడిపోయింది. నేను పరీక్ష రాశాను. పాసయ్యాను, కానీ ఉద్యోగం రాలేదు. మా చుట్టుపక్కల బళ్ళలో తెలుగు తరగతులు ఉంటాయో ఉండవో తేలేదాకా ఆగమన్నారు. నాయనా ఆగాడు. నాకోసం ఆగుతున్నాడని నాకు తెలుసు. రోజూ పోస్టుమాను సైకిలు వినగానే ఇద్దరం ఒకేసారి తల ఎత్తేవాళ్ళం.

కార్నెట్ పైస్వరాలు ఒక్కొక్కటే రాలిపోతూ వచ్చాయి. ఆ చోట్లు వచ్చినప్పుడు నాయన క్లారినెట్ ఆయనకు కళ్ళతో సైగ చేసేవాడు, ఆయన అందుకునేవాడు. జనానికి తెలియలేదు. రెండో కార్నెట్ ఆయనకు తెలిసిందేమో. ఒక సాయంత్రం ఇంటికి వచ్చి, "అన్నా, ఊరేగింపు పాటలు నాలుగు నాకు ఎత్తుకోను నేర్పియ్యి. నీకూ కొంచెం రెస్టుగా ఉంటాది" అన్నాడు.

"ఇంగా టైముండాదిలే" అన్నాడు నాయన.

ఆ మనిషి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు. నేను నాయన వెనకాలే ఉన్నాను. నేర్పియ్యి నాయనా అనడానికి నాకు నోరు రాలేదు. నేర్పడం మొదలుపెడితే ఎందుకని ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వస్తే అంతా వస్తుంది.

అన్నంలోకి పులుసు, చారు తప్ప ఏదీ ముట్టుకునేవాడు కాదు. అజీర్తి అని అమ్మకు చెప్పాడు. అమ్మ మిరియాల కషాయం కాచి ఇచ్చేది. ఆ వేడి కషాయం ఆమె ఎదురుగా గడగడా తాగేవాడు. తాగాక పెరట్లోకి వెళ్ళి చాలాసేపు వచ్చేవాడు కాదు. ఆయన పక్కన కూర్చుంటే లవంగం వాసన కింద ఇంకొక వాసన మొదలైంది. చెడిపోయిన మాంసం వాసన. ఇంట్లో ఏదో ఎలుక చచ్చిందని అమ్మ ఒక ఆదివారం మూలలన్నీ కడిగించింది. నేనే కడిగాను.

సినిమా వేలూరు వచ్చింది. ఆదివారం మ్యాట్నీకి మేళమంతా, ఇళ్ళవాళ్ళతో సహా, పొద్దున బస్సుకే బయలుదేరాం. నాయనకు రెండు రోజులుగా జ్వరం. ఎడమదవడ నిమ్మకాయంత లేచింది. పంటినొప్పి అని చెప్పి తువ్వాలు చుట్టుకున్నాడు. రావద్దన్నాను.

"నా కథ నేను చూడొద్దా?" అన్నాడు.

సినిమా మొదలైంది. హీరో కార్నెట్ మాస్టరు. బుగ్గలు బూరెల్లా ఉబ్బించి ఊదాడు. మావాళ్ళు పడీపడీ నవ్వారు. వేళ్ళు ఒకటి నొక్కితే స్వరం ఇంకొకటి వచ్చింది. అది చూసి ఇంకా నవ్వారు. తర్వాత నవ్వు తగ్గింది. హీరో వాయిస్తాడు, జనం మెచ్చుకుంటారు. ఇంకో ఊళ్ళో వాయిస్తాడు, అక్కడా మెచ్చుకుంటారు. జమీందారు కూతురు ప్రేమిస్తుంది. ఇంకొక బ్యాండువాడు పోటీకి వస్తాడు, వాడు ఓడిపోతాడని వాడి మీసం చూస్తేనే తెలిసిపోతుంది. ఓడితే హీరోకు ఏం పోతుంది? ఏమీ పోదు. మేళంలో మిగతావాళ్ళు ఎవరో, వాళ్ళకు ఇళ్ళున్నాయో లేవో కూడా తెలియదు. ఎర్రకోట్లు వేసుకుని హీరో వెనక వరసగా నిలబడ్డారు అంతే. వెనక సీటులో ఎవరో, "ఏమన్నా జరగతాదేమో అని చూస్తా ఉండా. ఏమీ జరగడం లేదేప్పా" అన్నారు.

కొండదారి వచ్చింది. మేళమంతా వానలో పాడుకుంటూ కొండ దిగింది. హీరోయిన్ గొడుగుతో ఎదురొచ్చింది. నా వాక్యం అక్షరం మారకుండా తెరమీద నడుస్తూ ఉంది. సినిమా ఆయన నన్ను అడిగిన భయం నా పక్కసీటులో తువ్వాలు కట్టుకుని, జ్వరంతో కాగిపోతూ ఉంది. ఆయన అడిగాడు, నేను లేదన్నాను. తప్పు ఆయన దగ్గర ఎంత ఉందో నాకు తెలియదు, నా దగ్గర ఉన్నది మాత్రం నాకు తెలుసు.

ఇంటర్వెల్లులో మామ నన్ను సోడాబండి దగ్గరికి పిలిచాడు.

"ఆ వాన రోజు మనం బస్సు దిగినాము గదా. బస్సు నిండిందని మీ నాయన చెప్పినాడు. నేను వెనక నాలుగు సీట్లు ఖాళీగా చూసినా. ఇన్నాళ్ళూ అడగలేదు" అన్నాడు. "నువ్వు రాసినావు గదా ఇదంతా. ఎందుకు దిగినాడు?"

"నాకు తెలీదు మామా."

మామ సోడా నా చేతికి ఇచ్చి, తాను తాగకుండానే లోపలికి వెళ్ళాడు.

రెండో సగంలో పోటీ వచ్చింది. హీరో ఒక్కడే నిలబడి, ఊపిరి తిప్పుకోకుండా పైస్వరం పట్టుకున్నాడు. ఎవరో మంచి పనివాడు వాయించి ఉంటాడు, ఆ స్వరం మాత్రం నిజమైనది. నాయన ముందుకు వంగాడు. తువ్వాలు కిందనుంచి పెదవులు బిగించినట్టున్నాడు, మెడనరాలు పొంగాయి. వెంటనే చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని లేచి, జనం మోకాళ్ళు తోసుకుంటూ బయటికి వెళ్ళిపోయాడు. నేను వెనకే పరిగెత్తాను.

హాలు పక్కసందులో, ఎండలో, గోడకు చెయ్యి ఆనించి వంగి ఉన్నాడు. నేలమీద నెత్తురూ చీమూ. దవడ గడ్డ లోపలికి పగిలింది. నన్ను చూసి అరచెయ్యి చాపాడు. రెండు పళ్ళున్నాయి అందులో.

"వాటంతట అవే వచ్చేసినాయిమా" అన్నాడు. మాట గాలిలాగా వచ్చింది. అదే ఆయన కొత్త గొంతు అని నాకు అప్పుడు తెలియదు.

నిలబడలేక గోడవెంట జారిపోయాడు. నేను మామను కేకవేశాను. మామ, క్లారినెట్ ఆయన కలిసి ఎత్తుకుని జట్కా ఎక్కించారు. అదే ఆస్పత్రి. అదే డాక్టరు. ఆయన నన్ను గుర్తుపట్టాడు. "నీకు చెప్పాను గదా" అని అరవంలో అన్నాడు. అమ్మ అప్పటికే నా పక్కకు వచ్చి నిలబడి ఉంది. మామ కూడా.

దాచడానికి ఇంకేమీ లేదు. వరండాలో బెంచీ మీద కూర్చుని మొత్తం చెప్పాను. గుడ్డ మీద మరక, డాక్టరు మాట, ఆర్కాడువాళ్ళ సంగతి, కొండదారి. మామ చివరిదాకా విన్నాడు.

"మేమేమన్నా పరాయివాళ్ళమా? ఒక మాట చెప్పింటే రెండో కార్నెట్ వాణ్ణి తయారు చేసుకునుందుము. ఒక ఏడాది టైముండె" అన్నాడు. గొంతు పెంచలేదు. "పోతామని భయపడి చెప్పలేదు. చెప్పనందుకే ఇప్పుడు పోవాల."

ఎడమవైపు దవడ ఎముకలో ముక్క తీసేశారు. ఏడు వారాలు నాయన ఆస్పత్రిలో ఉన్నాడు. కొన్ని రోజులు బతకడనే అనుకున్నాం. నర్సు గాజుగుడ్డ మార్చడానికి వచ్చినప్పుడల్లా నేను మంచం కాళ్ళవైపు నిలబడి ఆయన పాదాలు పట్టుకునేదాన్ని. బతికాడు. మొహం ఒకవైపు లోపలికి పోయింది. ఇంటికి వచ్చేసరికి మేళం లేదు. క్లారినెట్ ఆయనా, రెండో కార్నెట్ ఆయనా ఆర్కాడు బ్యాండులో చేరారు. చేరేముందు ఇద్దరూ ఆస్పత్రికి వచ్చి నాయనకు చెప్పే వెళ్ళారు. నాయన తల ఊపాడు. మామ డ్రమ్ము చర్చికి ఇచ్చేసి అగ్గిపెట్టెల కంపెనీలో పనికి కుదిరాడు. నాయన లుంగీల గోడౌనులో మడతలు పెట్టే పనికి పోయాడు. పదకొండేళ్ళు చేశాడు. ఆ పనిలోనూ మంచిపేరు తెచ్చుకున్నాడు. కార్నెట్ గురించి ఎవరైనా ఎత్తితే వినేవాడు, తాను ఎత్తేవాడు కాదు.

నాకు ఉద్యోగం ఆ తర్వాతి జూన్‌లో వచ్చింది. కనియంబాడిలో. తెలుగు టీచరుగా కాదు, లెక్కలకు.

సినిమా ఆయన కొన్నాళ్ళకు ఉత్తరం రాశాడు. సినిమా ఆడలేదని, జనానికి కథలో పట్టు దొరకలేదన్నారని, తనకూ అలాగే అనిపించిందని, నా మీద మాత్రం ఏ నిష్ఠూరమూ లేదని రాశాడు. జవాబు మూడుసార్లు మొదలుపెట్టాను. నాయన బతికుండగా అది రాయడం నావల్ల కాలేదు. ఇప్పుడు రాస్తున్నాను, చదవడానికి సినిమా ఆయనా లేడు.

అమ్మ నన్ను తిట్టలేదు. ఆస్పత్రిలోనూ తిట్టలేదు, ఇంటికి వచ్చాకా తిట్టలేదు. నాయనకు మాత్రం గంజి తాగించేటప్పుడు, వేడిగా ఉందా అని గిన్నె తానే పెదవికి ఆనించి చూసుకునేది. ఆయన మాట నమ్మేది కాదు. నన్నూ అంతే. జీతం వచ్చిందా అంటే వచ్చిందనేదాన్ని. ఒంట్లో బాగుందా అంటే బాగుందనేదాన్ని. అమ్మ చేతిలో పని ఆపి, నా కళ్ళలోకి చూస్తూ అదే ప్రశ్న ఇంకోసారి అడిగేది. తాను పోయేదాకా అంతే, ఏది అడిగినా రెండుసార్లు అడిగింది.